ఎలుక ఏ దారిన గుర్తుపెట్టుకుంది? మొదటిసారి వాటర్ మేజ్ చేసేవారికి

పోయిన ఏడాది ఒక ఎం.ఫార్మసీ అమ్మాయి తన ప్రయోగం గ్రాఫ్ పట్టుకొచ్చింది. మందు ఇచ్చిన ఎలుకలు నీళ్ల తొట్టిలో దాచిన ప్లాట్‌ఫామ్‌ను తొందరగా చేరుకున్నాయి, ఇవ్వనివి ఆలస్యంగా చేరుకున్నాయి. "జ్ఞాపకశక్తి పెరిగింది సార్" అంది సంబరంగా. ఎంత వేగంగా ఈదాయో చూశావా అని అడిగాను. చూడలేదు. ఇద్దరం కూర్చుని వీడియోలు తెరిచాం. మందు తీసుకున్న ఎలుకలకు దారేమీ తెలియదు. తొట్టంతా గబగబా తిరుగుతున్నాయి, ఆ తిరుగుడులో ఎక్కడో ఒకచోట ప్లాట్‌ఫామ్ కాళ్లకు తగులుతోంది. ఆ మందు పెంచింది హుషారుని.

వాటర్ మేజ్ చూడటానికి చాలా తేలిక. గుండ్రటి తొట్టి, నీళ్లు, నీళ్ల కింద కనపడకుండా ఒక చిన్న దిమ్మె, గడియారం. 1981లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో రిచర్డ్ మోరిస్ దీన్ని బయటపెట్టాడు. అప్పటి నుంచి ప్రపంచంలో మెదడు మీద పనిచేసే ల్యాబుల్లో దీన్ని వాడనిది తక్కువ. తేలికగా కనపడటమే దీనితో చిక్కు. ఎలుక ప్లాట్‌ఫామ్ చేరడానికి మెదడులో ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. మీకు కావలసిన దారి ఒక్కటే తెరిచి, మిగతావి మూసేలా ప్రయోగాన్ని కట్టాలి. కింద చెప్పేదంతా ఆ మూయడం గురించే.

మొదటి పని: ఏ జ్ఞాపకాన్ని అడుగుతున్నారో తేల్చుకోండి

తొట్టి కొనకముందే కాగితం మీద ఒక వాక్యం రాసుకోండి: "నేను పరీక్షించేది ఫలానా జ్ఞాపకం, అది మెదడులో ఫలానా చోట ఆధారపడుతుంది." ఆ వాక్యం రాయలేకపోతే ఆగండి. ఎందుకో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది.

1996లో ప్యాకర్డ్, మెక్‌గా అనే ఇద్దరు ఎలుకలను కూడిక గుర్తు ఆకారంలో ఉన్న మేజ్‌లో పెట్టారు. రోజూ ఒకే కొమ్మ నుంచి వదులుతారు, తిండి ఎప్పుడూ ఒకే పక్క కొమ్మలో ఉంటుంది. ఎనిమిదో రోజున ఎలుకను ఎదుటి కొమ్మ నుంచి వదిలి చూశారు. తిండి ఉన్న చోటు గుర్తుంటే గదిని చూసుకుని ఆ చోటికే వెళ్తుంది. "ఇటు పక్కకి తిరగాలి" అన్న అలవాటే ఉంటే అదే పక్కకి తిరిగి తప్పు కొమ్మలోకి పోతుంది. ఎనిమిదో రోజున ఎక్కువ ఎలుకలు చోటుకే వెళ్లాయి. అదే శిక్షణ ఇంకొన్నాళ్లు సాగించి పదహారో రోజున చూస్తే ఎక్కువ ఎలుకలు అలవాటు ప్రకారం తిరిగాయి. కొత్తగా ఇల్లు మారినవాళ్లు సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరి, ఏదో ఆలోచిస్తూ బండిని పాత ఇంటి సందులోకి తిప్పేస్తారే, సరిగ్గా అలాగే.

అసలు విషయం తర్వాత ఉంది. ఎనిమిదో రోజున మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలోకి లిడోకెయిన్ అనే మత్తుమందు ఎక్కించి దాన్ని కాసేపు మొద్దుబారిస్తే, చోటు జ్ఞాపకం మాయమైంది. పదహారో రోజున స్ట్రయేటమ్ అనే భాగాన్ని మొద్దుబారిస్తే అలవాటు పోయింది, ఎలుకలు మళ్లీ చోటుకి వెళ్లాయి! అంటే చోటు జ్ఞాపకం చెరిగిపోలేదు, అలవాటు దాన్ని పక్కకి నెట్టి ముందుకొచ్చిందంతే. బయట నుంచి చూస్తే ఎనిమిదో రోజు ఎలుక, పదహారో రోజు ఎలుక రెండూ రోజువారీ శిక్షణలో తిండిని తప్పు లేకుండా చేరుతున్నాయి. లోపల మాత్రం నడిపిస్తున్న సర్క్యూట్, అంటే న్యూరాన్ల అల్లిక, వేరు.

కాబట్టి ప్రశ్నను బట్టి పరీక్ష. ఒక చోటును గుర్తుపెట్టుకోవడం మీ ప్రశ్న అయితే వాటర్ మేజ్ సరైనది. భయం గురించి అయితే శబ్దం వినిపించి పాదాలకు చిన్న షాక్ ఇచ్చే పరీక్ష ఉంది, అది మెదడులో ఎమిగ్డలా అనే భాగం మీద ఆధారపడుతుంది. షాక్ తగిలిన పెట్టెనే గుర్తుపట్టి భయపడాలంటే ఎమిగ్డలాతో పాటు హిప్పోక్యాంపస్ కూడా కావాలి. పాత వస్తువు, కొత్త వస్తువు తేడా పట్టే పరీక్షలో పెరిరైనల్ కార్టెక్స్ అనే ఇంకో భాగం పాత్ర ఎక్కువ. "జ్ఞాపకశక్తి" అనే ఒక్క మాటతో అన్నిటినీ చుట్టేయకండి.

రెండో పని: సర్క్యూట్ మ్యాప్ గోడకి అంటించుకోండి

ఎలుక మెదడులో హిప్పోక్యాంపస్ వంగిన అరటిపండులా ఉంటుంది, రెండు పక్కలా ఒక్కొక్కటి. దానికి కబురు పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి వస్తుంది. అక్కడి నుంచి హిప్పోక్యాంపస్ లోపలి భాగాలైన డెంటేట్ జైరస్, తర్వాత సీఏ3, తర్వాత సీఏ1, మళ్లీ ఎంటోరైనల్ కార్టెక్స్‌కి. మూడు మజిలీల దారి. ఎంటోరైనల్ నుంచి నేరుగా సీఏ3కి, సీఏ1కి వచ్చే అడ్డదారులు కూడా ఉన్నాయి, కానీ మొదట్లో ఈ మూడు మజిలీలు చాలు.

డెంటేట్ జైరస్ పని దాదాపు ఒకేలా ఉన్నవాటిని విడదీయడం. ఒకే వీధిలో ఇద్దరు సత్యనారాయణలుంటే పోస్ట్‌మ్యాన్ పడే పాట్లు ఊహించండి. ఇద్దరి ఉత్తరాలనూ కలిపేయకుండా వేరు చేసేది ఇదే. సీఏ3లో న్యూరాన్లు పక్క న్యూరాన్లతో తమలో తాము విపరీతంగా ముడిపడి ఉంటాయి. అందువల్ల పల్లవిలో మొదటి మాట వినగానే పాటంతా గుర్తొచ్చినట్టు, కొంచెం ఆధారం దొరికితే పూర్తి జ్ఞాపకాన్ని లేపగలదు. 2002లో ఎంఐటీ శాస్త్రవేత్త టోనెగావా బృందం సీఏ3లో మాత్రమే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ (న్యూరాన్లు కబురు అందుకునే ఒక రకం ప్రొటీన్) లేని చిట్టెలుకలను (మైస్) తయారు చేసింది. గదిలో గుర్తులన్నీ ఉన్నప్పుడు అవి ప్లాట్‌ఫామ్‌ను మామూలుగానే గుర్తుంచుకున్నాయి. చాలా గుర్తులు తీసేసి ఒకటే మిగిల్చినప్పుడు తడబడ్డాయి. ఈ విషయం మనసులో ఉంచుకోండి, గది సర్దేటప్పుడు పనికొస్తుంది.

ఇక చోటు సంగతి. ఎలుక ఒక ఫలానా చోట ఉన్నప్పుడు మాత్రమే చురుగ్గా మోగే న్యూరాన్లను 1971లో ఓకీఫ్, డొస్ట్రోవ్‌స్కీ హిప్పోక్యాంపస్‌లో చూశారు. వాటిని ప్లేస్ సెల్స్ అంటారు. 2005లో నార్వేలో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం ఎంటోరైనల్ కార్టెక్స్‌లో గ్రిడ్ సెల్స్‌ను కనిపెట్టింది. ఒక్కో గ్రిడ్ సెల్ గదిలో చాలా చోట్ల మోగుతుంది, ఆ చోట్లన్నీ కలిపితే చుక్కల ముగ్గులాగా సమానమైన త్రిభుజాల వరస వస్తుంది. ఓకీఫ్‌కి, మోసర్‌లిద్దరికీ 2014లో నోబెల్ వచ్చింది. తల ఏ వైపు తిరిగి ఉందో చెప్పే కణాలు వేరే ఉన్నాయి. వీటన్నిటికీ ఆధారం గదిలోని గుర్తులు, ఎలుక సొంత కదలిక.

అరటిపండు అన్నాను కదా, దాని పైకొన, కిందికొన ఒకే పని చేయవు. 1990లలో మోసర్లు చేసిన ప్రయోగాల్లో, వీపు వైపు ఉన్న భాగం దెబ్బతింటే ఎలుకలు వాటర్ మేజ్‌లో బాగా తప్పాయి. కింది భాగం దెబ్బతింటే అంతగా తప్పలేదు. మందును నేరుగా మెదడులోకి ఎక్కించాలనుకునేవారికి ఈ తేడా చాలా ముఖ్యం.

మూడో పని: అనుమతి

ఇది ఇంట్లోనో, మేడ మీద టబ్బులోనో చేసేది కాదు. మన దేశంలో జంతువులపై ప్రయోగం చేయాలంటే సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి, మీ ప్రాజెక్టు ఫారం-బి రూపంలో సంస్థలోని ఐఏఈసీ అనే జంతు ప్రయోగాల నైతిక కమిటీ ముందుకు వెళ్లాలి. వీటన్నిటి పైన ఉండే కేంద్ర కమిటీని సీసీఎస్ఈఏ అంటారు, పాతవాళ్లు ఇంకా సీపీసీఎస్ఈఏ అనే అంటుంటారు. దీనికి మూలం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం.

ఫారంలో "ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని" అన్న గడి దగ్గర అందరికీ టెన్షన్. సీనియర్ థీసిస్‌లో గ్రూపుకి ఆరు అని ఉంది కాబట్టి ఆరు అని రాయకండి. ఎంత తేడా కనపడితే మీకు అర్థముందో, ఎలుకకూ ఎలుకకూ మధ్య హెచ్చుతగ్గులు ఎంతుంటాయో చూసి స్టాటిస్టిక్స్ తెలిసినవారితో లెక్క వేయించండి. తక్కువ పెట్టి ఏమీ తేలకపోతే ఆ ఎలుకలన్నీ వృథాగా పోయినట్టే.

నాలుగో పని: ఎలుకల ఎంపిక, మచ్చిక

మన కాలేజీల్లో ఎక్కువగా దొరికేది తెల్లటి విస్టార్ ఎలుక. తెల్ల ఎలుకలకు కళ్లలో రంగు పదార్థం ఉండదు, చూపు మందం. వాటితో పని జరుగుతుంది, కానీ గోడల మీద గుర్తులు పెద్దవిగా, నలుపు తెలుపుల్లో పెట్టాలి. చిట్టెలుకలు వాడితే ఇంకా జాగ్రత్త. సీ57 బ్లాక్ 6 జాతి ఈ పనికి బాగుంటుంది. సీ3హెచ్ జాతిలో రెటీనా పాడయ్యే జన్యులోపం ఉంటుంది, పెద్దయ్యేసరికి వాటికి చూపు ఉండదు. గుడ్డి ఎలుకకి మతిమరుపు అంటగట్టిన పరిశోధనలు కూడా వస్తాయంటే నవ్వొస్తుంది గానీ, జాతి చూసుకోకపోతే జరిగేది అదే.

చిట్టెలుకలు నీళ్లలో ఎలుకలంత మొగ్గు చూపవు. కొన్ని ఈదడం మానేసి తేలుతూ ఊరుకుంటాయి, పైగా తొందరగా చలికి వణుకుతాయి. మీ దగ్గర చిట్టెలుకలే ఉంటే నేల మీద చేసే బార్న్స్ మేజ్ ఆలోచించండి. 1979లో కారల్ బార్న్స్ తయారుచేసిన ఆ పరీక్షలో గుండ్రటి బల్ల అంచున రంధ్రాలుంటాయి, ఒక్కదాని కిందే దాక్కునే పెట్టె ఉంటుంది.

ఎలుకలు రాగానే ప్రయోగం మొదలుపెట్టకండి. కనీసం వారం కొత్త చోటుకి అలవాటు పడనివ్వండి. ఆ తర్వాత రోజూ ఒక్కో ఎలుకను రెండు మూడు నిమిషాలు చేతుల్లోకి తీసుకోండి. అందరూ దాటేసే మెట్టు ఇదే. మచ్చిక కాని ఎలుకను నీళ్లలో వేస్తే మీరు కొలిచేది చాలావరకు భయాన్నే. భయపడిన ఎలుక గోడను పట్టుకుని చుట్టూ తిరుగుతుంది, మధ్యకి రాదు. చిట్టెలుకలను తోక పట్టి ఎత్తకండి. చేతి దొప్పలోకో, చిన్న గొట్టంలోకో ఎక్కించి తీస్తే బెరుకు తగ్గుతుందని 2010లో హర్స్ట్, వెస్ట్ చూపించారు.

ఐదో పని: తొట్టి, నీళ్లు, గది

ఎలుకలకైతే తొట్టి అడ్డుకొలత 150 నుంచి 210 సెంటీమీటర్లు, చిట్టెలుకలకు 100 నుంచి 120. ప్లాట్‌ఫామ్ పది సెంటీమీటర్ల వెడల్పు ఉండి, నీటి మట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్లు కింద ఉండాలి. పై భాగం గరుకుగా ఉండాలి, లేకపోతే ఎలుక ఎక్కి జారిపడుతుంది. ఒకసారి జారిన ఎలుక మళ్లీ ఎక్కడానికి జంకుతుంది.

150 సెంటీమీటర్ల తొట్టిలో 30 సెంటీమీటర్ల లోతు నింపితే దాదాపు 530 లీటర్లు పడతాయి. ఎలుకలకు నీటి వేడి 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచండి, చిట్టెలుకలకు 22 దగ్గర. పడమటి దేశాల పద్ధతుల్లో నీళ్లు ఎలా వేడి చేయాలో రాస్తారు. మనకి ఏప్రిల్, మే నెలల్లో బాధ తలకిందులుగా ఉంటుంది. మేడ మీది ట్యాంకు నీళ్లు పట్టుకుంటే చేయి కాలుతుంది. నీళ్లు ముందు రోజు రాత్రే నింపి చల్లారనివ్వండి. పొద్దున్నకి 30 డిగ్రీల దగ్గర ఆగితే 24కి దించడానికి సుమారు 30 కిలోల ఐసు కావాలి, అది కరిగి మట్టం పెరుగుతుంది కాబట్టి ఆ మేరకు ముందే తగ్గించి పోయాలి. నీళ్లు మరీ గోరువెచ్చగా ఉంటే ఎలుకకి బయటికి రావాలన్న తొందర ఉండదు. మరీ చల్లగా ఉంటే ఒంట్లో వేడి పడిపోయి, ఆఖరి ట్రయల్స్‌లో కాళ్లు ఆడవు. అప్పుడు అది నెమ్మదిగా ఈదితే మరిచిపోయిందని మీరు రాసుకుంటారు. ప్రతి ఐదారు ఎలుకలకు ఒకసారి థర్మామీటర్ పెట్టి రాసుకోండి.

ప్లాట్‌ఫామ్ కనపడకుండా నీళ్లలో విషం లేని రంగు కలుపుతారు. పాలపొడి వాడితే సాయంత్రానికి మన ఎండకి కుళ్లు వాసన వస్తుంది, రోజూ నీళ్లు మార్చాలి. తెల్ల ఎలుక తెల్ల నీళ్లలో కెమెరాకి కనపడదు. అందుకని విస్టార్లకు నల్లటి తొట్టి, నల్ల రంగు నీళ్లు, నల్ల ప్లాట్‌ఫామ్ మేలు.

ఇప్పుడు గది. నా ఉద్దేశంలో తొట్టి కంటే గదే పెద్ద పరికరం. ఎలుక ప్లాట్‌ఫామ్‌ను చూడలేదు, నీళ్లలో వాసన పట్టలేదు. దానికున్న దారి ఒక్కటే: తలుపు, గోడ మీది నల్ల త్రిభుజం, మూలనున్న అల్మరా, వీటి మధ్య ప్లాట్‌ఫామ్ ఎక్కడుందో లెక్క కట్టుకోవడం. ప్లేస్ సెల్స్‌ని పనిలోకి దించేది ఆ గుర్తులే. నాలుగు వైపులా వేర్వేరు ఆకారాలు పెట్టండి. అన్నీ ఒకేలా ఉంటే గది ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. ఒకే ఒక గుర్తు ప్లాట్‌ఫామ్ వెనకాలే ఉంటే ఎలుక మ్యాప్ వేసుకోదు, ఆ గుర్తు వైపు ఈదుతుంది. అది స్ట్రయేటమ్‌కి చేతనైన పని, హిప్పోక్యాంపస్ అక్కర్లేదు.

మీరు కూడా ఒక గుర్తే. నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి బ్యాచ్‌లో స్టూల్ వేసుకుని రోజూ ప్లాట్‌ఫామ్ వైపు గోడ దగ్గరే కూర్చున్నాను, వీడియో తెర అక్కడ బాగా కనపడుతుందని. ఎలుకలు అద్భుతంగా నేర్చుకున్నాయి. ఆరో రోజు నాకు జ్వరం వస్తే స్నేహితుడు వచ్చి ఎదుటి మూల కూర్చున్నాడు. ఎలుకలన్నీ నేరుగా అతని వైపు ఈదాయి. ఐదు రోజులుగా అవి నేర్చుకున్నది నన్ను. తొట్టికి ఒక తెర కట్టి, దాని వెనక కూర్చోండి. ఫ్యాన్ ఆపండి, ఏసీ శబ్దం ఒక మూల నుంచి వస్తుంటే అది కూడా దిక్కు చెప్పేస్తుంది. గది ఊడ్చేవారికి అల్మరా జరపవద్దని ముందే చెప్పి, నేల మీద చాక్‌పీసుతో గీత గీసి ఉంచండి.

ఆరో పని: నేర్పే రోజులు

తొట్టిని ఊహల్లోనే నాలుగు భాగాలు చేయండి. ప్లాట్‌ఫామ్ ఒక భాగం మధ్యలో ఉంటుంది, ఐదు రోజులూ కదలదు. రోజుకి నాలుగు ట్రయల్స్. ప్రతి ట్రయల్‌కీ వదిలే చోటు మారుతుంది. ఈ మార్పే అలవాటు దారిని మూస్తుంది. ఎప్పుడూ ఒకే చోట నుంచి వదిలితే "కొంచెం కుడికి తిరిగి ఇంత దూరం ఈదు" అని ఒంటికే నేర్పేయవచ్చు, మ్యాప్ అక్కర్లేదు. వదిలే చోట్ల వరస ముందే రాసి పెట్టుకోండి, అన్ని ఎలుకలకూ అదే వరస వాడండి.

ఎలుకను గోడ వైపు తిప్పి, మెల్లగా నీళ్లలోకి దించండి. పైనుంచి పడేయకండి. 60 సెకన్లు చూడండి. దొరకకపోతే చేత్తో దారి చూపించి ప్లాట్‌ఫామ్ ఎక్కించండి. ఎక్కాక 15 సెకన్లు అక్కడే ఉండనివ్వండి. తొందరపడి తీసేస్తారు చాలామంది, తీయకండి. ఎలుక ఆ కాసేపు వెనక కాళ్ల మీద లేచి చుట్టూ చూస్తుంది. లోపల ఇంకా ఆసక్తికరమైనది జరుగుతుండవచ్చు. 2006లో ఫోస్టర్, విల్సన్ నేల మీద ఒక బాటలో పరుగెత్తి చివర ఆగిన ఎలుకల్లో ప్లేస్ సెల్స్‌ను రికార్డ్ చేశారు. పరుగు ముగిసి ఆగగానే, వచ్చిన దారిలో మోగిన కణాలు అదే దారిని చివర నుంచి మొదటికి, తలకిందుల వరసలో, చాలా వేగంగా మళ్లీ మోగించాయి. వాళ్లది ఈత కాదు, పరుగు. అయినా ప్లాట్‌ఫామ్ మీది ఆ 15 సెకన్లను నేను పాఠంలో భాగంగానే చూస్తాను.

తీశాక తువ్వాలుతో తుడిచి వెచ్చటి చోట పెట్టండి. రెండు ట్రయల్స్ మధ్య ఎలుకలకు కనీసం కొన్ని నిమిషాల విరామం, చిట్టెలుకలకు ఇంకా ఎక్కువ. మందు గ్రూపునంతా పొద్దున్న, పోల్చడానికి మందు ఇవ్వకుండా ఉంచిన కంట్రోల్ గ్రూపునంతా సాయంత్రం చేయకండి, కలిపి చేయండి. ఏ ఎలుక ఏ గ్రూపుదో తొట్టి దగ్గర నిలబడేవారికి తెలియకూడదు. సీసాల మీద కోడ్ వేరేవాళ్లతో వేయించండి. మనకి తెలియకుండానే మన చేయి ఒక గ్రూపుకి ముందే సాయం వెళ్తుంది.

శిక్షణ అయ్యాక ఎలుకల గదిలో గోల చేయకండి, పగలు లైట్లు ఆపి రాత్రి వేయడం లాంటి మార్పులు వద్దు. అవి పగలు నిద్రపోతాయి. ఆ నిద్రలో ప్లేస్ సెల్స్ మెలకువలో కలిసి మోగిన జోడీలుగానే మళ్లీ మోగుతాయని విల్సన్, మెక్‌నాటన్ 1994లో చూపించారు. 2009లో ఫ్రాన్స్‌లో ఒక బృందం శిక్షణ తర్వాతి నిద్రలో హిప్పోక్యాంపస్‌లో వచ్చే రిపుల్ అనే చిన్నపాటి వేగవంతమైన విద్యుత్ అలలను మాత్రమే ఆపింది. ఆ ఎలుకలు చోటు జ్ఞాపకం కావలసిన మేజ్‌లో వెనకబడ్డాయి. మీ ప్రయోగం తొట్టిలో ముగిసినా ఎలుక లోపల ఇంకా నడుస్తోంది. పక్క గదిలో డ్రిల్లింగ్ మెషీన్ పని ఉంటే ఆ వారం వాయిదా వేసుకోండి.

ఏడో పని: ప్లాట్‌ఫామ్ తీసేసి చూడటం

జ్ఞాపకం నిజంగా తేలేది ఇక్కడే. ఆఖరి శిక్షణ తర్వాత 24 గంటలు ఆగండి. ప్లాట్‌ఫామ్ తీసేయండి. ఎలుకను ఇంతకుముందెప్పుడూ వదలని చోట నుంచి, ప్లాట్‌ఫామ్‌కి దూరంగా వదలండి. 60 సెకన్లు ఈదనివ్వండి. నాలుగు భాగాల్లో ఊరికే తిరిగితే ఒక్కో దాంట్లో 25 శాతం సమయం గడుస్తుంది. గుర్తున్న ఎలుక ప్లాట్‌ఫామ్ ఉండిన భాగంలో అంతకంటే బాగా ఎక్కువసేపు వెతుకుతుంది. మొదటి 30 సెకన్లు విడిగా చూడండి. తెలివైన ఎలుక ఇక్కడ లేదని గ్రహించి తర్వాత వేరేచోట వెతకడం మొదలుపెడుతుంది, దాన్ని మతిమరుపు అనకూడదు కదా. భాగంలో గడిపిన సమయంతో పాటు ప్లాట్‌ఫామ్ ఉండిన చోటికి ఎలుక సగటున ఎంత దూరంలో ఈదిందో కూడా కొలవండి. ఈ కొలత మిషెలా గాలఘర్ బృందం 1993లో ముసలి ఎలుకల కోసం తెచ్చింది, తేడాలను బాగా పట్టిస్తుంది.

ఆఖరి ట్రయల్ అవగానే అదే రోజు ఈ పరీక్ష పెడితే ఈ పూట నేర్చుకున్నదీ, నిలిచి ఉన్న జ్ఞాపకమూ కలిసిపోతాయి. 24 గంటలు అందుకే.

ఎనిమిదో పని: కనపడే ప్లాట్‌ఫామ్

ఇది మానేస్తే మొత్తం ప్రయోగం చేయనట్టే. ప్లాట్‌ఫామ్‌ను నీటికి కొంచెం పైకి లేపి, మీద చిన్న జెండా కట్టండి. గది గుర్తులు కనపడకుండా తెరలు మూసి, ప్రతి ట్రయల్‌కీ ప్లాట్‌ఫామ్ చోటు మార్చండి. చూపు, కాళ్లు, నీళ్ల నుంచి బయటపడాలన్న కోరిక ఉన్న ఎలుక దీన్ని తేలికగా చేరుతుంది. 1982లో మోరిస్, ఓకీఫ్ తదితరులు హిప్పోక్యాంపస్ తీసేసిన ఎలుకలతో చేసినప్పుడు, దాచిన ప్లాట్‌ఫామ్ కోసం అవి తిరుగుతూనే ఉన్నాయి, కనపడే ప్లాట్‌ఫామ్‌ను మాత్రం చేరగలిగాయి. ఆ తేడా వల్లే వాళ్లు హిప్పోక్యాంపస్ పేరు ఎత్తగలిగారు. మీ మందు గ్రూపు రెండిట్లోనూ తడబడితే, మీ దగ్గర ఉన్నది జ్ఞాపకం గురించిన ఫలితం కాదు.

సమయం ఉంటే ఇంకొకటి చేయండి. ప్లాట్‌ఫామ్‌ను రోజుకో కొత్త చోట పెట్టి, మొదటి ట్రయల్‌లో కనుక్కున్న చోటికి రెండో ట్రయల్‌లో నేరుగా వెళ్తుందా అని చూడటం. ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకోవడం హిప్పోక్యాంపస్‌కి గట్టి పరీక్ష. స్టీల్, మోరిస్ 1999లో ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను అడ్డుకుంటే, రెండు ట్రయల్స్ మధ్య ఆలస్యం పెరిగినప్పుడు ఎలుకలు ఇందులో తప్పాయని చూపించారు.

తొమ్మిదో పని: అంకెలు చదవడం

ప్లాట్‌ఫామ్ చేరడానికి పట్టిన సమయం ఒక్కటే ఎప్పుడూ రాయకండి. దాని పక్కన ఈదిన దూరం, వేగం, గోడ వెంట గడిపిన సమయం నాలుగూ ఉండాలి. సమయం తగ్గి దూరం తగ్గకపోతే వేగం పెరిగిందని అర్థం. మొదట్లో చెప్పిన అమ్మాయి గ్రాఫ్ అదే. సమయం, దూరం రెండూ ఎక్కువై గోడ వెంట సమయం కూడా ఎక్కువైతే అది భయం కావచ్చు.

ఒక ఎలుక చేసిన నాలుగు ట్రయల్స్ నాలుగు ఎలుకలు కావు. ఎనిమిది ఎలుకల 32 ట్రయల్స్‌ని 32గా లెక్కపెట్టి, తేడా నిజమైనదని చెప్పే నక్షత్రం గుర్తు తెచ్చుకున్న గ్రాఫులు నేను చాలా చూశాను. రోజుకో సగటు తీసి, అదే ఎలుకను రోజులవారీగా పోల్చే పద్ధతి వాడండి. తేలుతూ ఊరుకున్న ఎలుకను ఎప్పుడు తీసేస్తారో ప్రయోగానికి ముందే రాసి పెట్టుకోండి. ఫలితం చూశాక తీసేస్తే కుదరదు.

పదో పని: సర్క్యూట్ పేరు ఎత్తే ముందు

మీ ఎలుకలు అన్ని మెట్లూ దాటాయనుకుందాం. ఇప్పుడు "ఈ మందు హిప్పోక్యాంపస్ ద్వారా పనిచేసింది" అని రాయొచ్చా? ఇంకా రాయకూడదు. మందు కడుపులోకో, నోట్లోకో ఇచ్చారు, అది మెదడంతా తిరిగింది. మెదడు మొత్తాన్ని రుబ్బి ఎంజైములు కొలిస్తే ఏ సర్క్యూటో చెప్పడం కుదరదు. మన థీసిస్‌లలో ఎక్కువగా కనపడే పొరపాటు ఇదే, నేనూ చేశాను. కనీసం హిప్పోక్యాంపస్‌ను, స్ట్రయేటమ్‌ను, కార్టెక్స్‌ను విడివిడిగా తీసి కొలవండి. మెదడులోకి సూదితో ఇచ్చినట్టయితే, చివర్లో మెదడును కోసి, సూది మొన ఎక్కడికి చేరిందో ప్రతి ఎలుకలోనూ చూడాలి. తప్పు చోట దిగిన ఎలుకను లెక్కలోంచి తీసేయాలి.

పెద్దవాళ్లు కూడా ఇక్కడ తడబడ్డారు. ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను ఏపీ5 అనే మందుతో మూసేస్తే ఎలుకలు వాటర్ మేజ్ నేర్చుకోలేవని 1986లో మోరిస్ బృందం రాసింది. దాంతో చోటు నేర్చుకోవడానికి ఈ రిసెప్టర్ తప్పనిసరి అన్న మాట గట్టిపడింది. 1995లో బ్యానర్‌మన్ మోరిస్‌తో కలిసి చేసిన ప్రయోగంలో, ముందే వేరే గదిలో వాటర్ మేజ్ నేర్చుకున్న ఎలుకలకు ఏపీ5 ఇచ్చి కొత్త గదిలో పెడితే, అవి దాదాపు మామూలుగానే నేర్చుకున్నాయి. అంటే "నీళ్లలో ఒక దిమ్మె ఉంటుంది, గోడ వదిలి మధ్యకి వెళ్లి వెతకాలి" అన్న ఆట నియమాలు నేర్చుకోవడం వేరు, చోటు నేర్చుకోవడం వేరు. 1986 నాటి ఫలితంలో ఈ రెండూ కలిసి ఉన్నాయి. తన పాత మాటను తనే తిరగదోడిన పేపర్‌లో మోరిస్ పేరుండటం నాకు నచ్చుతుంది.

డబ్బు, పరికరాలు ఉన్న ల్యాబులు ఇంకో అడుగు వేస్తాయి. 2012లో ఎంఐటీలో టోనెగావా బృందం ఒక పెట్టెలో భయపడినప్పుడు పనిచేసిన డెంటేట్ జైరస్ కణాలకు మాత్రమే కాంతికి స్పందించే ప్రొటీన్ చేర్చింది. తర్వాత చిట్టెలుకను వేరే పెట్టెలో పెట్టి ఆ కణాల మీద నీలి కాంతి వేస్తే, అది భయంతో అక్కడే బిగుసుకుపోయింది. సర్క్యూట్ పేరు ధైర్యంగా రాయగలిగేది ఇలాంటి ప్రయోగాల్లోనే. మన దగ్గర లేజర్ లేకపోతే "హిప్పోక్యాంపస్ మీద ఆధారపడే పరీక్షలో మెరుగుపడ్డాయి" అని రాసి అక్కడ ఆపండి. గైడ్ ఇంకో వాక్యం చేర్చమన్నా చేర్చకండి.

ఆఖరి రోజు సాయంత్రం తొట్టి ఖాళీ చేసే ముందు వీడియోలన్నీ రెండు చోట్ల కాపీ చేయండి, ఫైల్ పేర్లలో ఎలుక కోడ్, రోజు, ట్రయల్ మాత్రమే ఉంచండి, గ్రూపు పేరు వద్దు. కోడ్ విప్పేలోపు ఒక స్నేహితుడిని కూర్చోబెట్టి, వాటిలో కొన్నింటిని చేత్తో మళ్లీ కొలవమనండి. సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు నీళ్ల మీద మెరిసిన ట్యూబ్‌లైట్‌ని ఎలుక అనుకుంటుంది.